గన్‌ఫౌండ్రీ ఎస్‌బీహెచ్ ఎవరి బ్యాంకు, ఇప్పుడు ఎస్‌బీఐ ఎలా అయింది?

హైదరాబాద్‌లోని గన్‌ఫౌండ్రీ పేటలో ఉన్న ఎస్‌బీహెచ్ (స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్) చాలామంది అనుకున్నట్టు స్వాతంత్ర్యం తర్వాత పెట్టిన బ్యాంకు కాదు, నిజాం సర్కారుది. 1941లో చట్టం చేసి 'హైదరాబాద్ స్టేట్ బ్యాంక్' పేరుతో పెట్టారు. 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలోనే మొదటి శాఖ తెరిచారు. ఫిరంగులు పోతపోసిన చోటు కాబట్టి ఆ పేటకు ఆ పేరు. ఫ్రెంచి సేనాని రేమండ్ కార్ఖానా శిథిలాలు అక్కడ ఇంకా ఉన్నాయి.

అసలు ఆసక్తికరమైన సంగతి డబ్బుది. సంస్థానానికి సొంత రూపాయి ఉండేది, ఉస్మానియా సిక్కా. జనం 'హాలీ' అనేవాళ్లు. బ్రిటిష్ ఇండియా రూపాయి 'కల్దార్'. ఆరు కల్దార్లు కావాలంటే సుమారు ఏడు హాలీలు ఇచ్చుకోవాలి. ఈ సిక్కా వ్యవహారం, సర్కారు అప్పుల లెక్కలు చూడటం ఈ బ్యాంకు పనే. ఇప్పటి భాషలో చెప్పాలంటే చిన్నపాటి రిజర్వు బ్యాంకు.

1956లో రిజర్వు బ్యాంకు చేతికి వెళ్లి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 1959లో ఎస్‌బీఐకి అనుబంధ బ్యాంకు. 2017 ఏప్రిల్ 1న పూర్తిగా విలీనం. గన్‌ఫౌండ్రీలో బోర్డు మారింది, బ్యాంకింగ్ ఆగలేదు. ఖాతాదారులకు టెన్షన్ పెట్టింది ఐఎఫ్‌ఎస్‌సీ కోడే: దాని మొదట్లో ఎస్‌బీహెచ్‌వై పోయి ఎస్‌బీఐఎన్ వచ్చింది.

పాత డబ్బు భవనం కొత్త అవతారం ఎత్తడం చూడాలంటే సైఫాబాద్ టంకశాలకు వెళ్లండి. 1997లో నాణేల తయారీ చర్లపల్లికి తరలింది, 2022లో సైఫాబాద్ పాత భవనంలోనే మ్యూజియం తెరిచారు. నా ఓటు దానికే.