సమాధానం: ఆసుపత్రుల మందుల లెక్కలు కలిపేటప్పుడు

నమస్కారమండీ. మూడు ఆసుపత్రుల ఇన్‌పేషెంట్ ఫార్మసీ లెక్కలు కలిపితే ఒకచోట సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వాడకం రెట్టింపు కనిపిస్తోందన్నారు. వైద్యులను అనుమానించే ముందు ఆ అంకె దేన్ని లెక్కిస్తోందో చూడండి. ఒక గ్రాము వయల్ (మందు సీసా) ఒకటి, 250 మిల్లీగ్రాముల వయల్స్ నాలుగు: మందు అంతే, అంకె నాలుగు రెట్లు. బ్రాండ్ పేర్లు వదిలి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటీసీ కోడ్ (ప్రతి మందుకూ ఇచ్చే వర్గీకరణ సంకేతం) వాడండి, దీనికి జే01డీడీ04. మొత్తం గ్రాములను 2తో భాగిస్తే డీడీడీలు, అంటే పెద్దవారికి రోజుకు సగటు మోతాదుగా నిర్ణయించిన కొలతలు, వస్తాయి. వాటిని 1000 పడక రోజులకు (ఒక రోగి ఒక రోజు పడకలో ఉంటే ఒక పడక రోజు) లెక్కగట్టండి. పిల్లల వార్డులకు ఈ కొలత పనికిరాదు, అక్కడ మందు ఇచ్చిన రోజులే లెక్కించాలి.

ఫార్మసీ ఇచ్చినదంతా రోగికి ఎక్కినట్టు కాదు. వార్డు నుంచి వెనక్కి వచ్చినవి తప్పక తీసేయండి. వీలైతే నర్సుల మందుల చార్టుతో సరిచూడండి. రోగుల పేర్లు మాత్రం ఆసుపత్రి గడప దాటనివ్వకండి.