కేసు తేల్చేది మందు డబ్బా మీది పేరు

ప్రశ్న: ఎనిమిదేళ్లు ఒకే ఆసామి పొలంలో కూలికి పురుగుమందు కొట్టాను. అరికాళ్లు మొద్దుబారి, చేతులు వణుకుతుంటే 2024 నవంబరులో పని మానేశాను. ఆసుపత్రి చీటీలేవీ దాచుకోలేదు. ఆసామి తనకేం సంబంధం లేదంటున్నాడు. తెలిసిన ఆర్‌ఎంపీ పాత తేదీతో చీటీ రాసిస్తానంటున్నాడు. పరిహారం వస్తుందా?

జవాబు: ఇంత రాసి, కొట్టిన మందు పేరు రాయలేదు. కేసు నిలిచేదీ పోయేదీ దానిమీదే. క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందుల విషప్రభావం ఉద్యోగుల పరిహార చట్టం, 1923లో వృత్తి వ్యాధి, అంటే చేసే పని వల్ల వచ్చే జబ్బు. మూడో షెడ్యూలు ‘ఎ’ భాగంలో ఉంది. ఆ జబ్బే మీకుందని తేలితే, పని వల్ల రాలేదని చూపాల్సింది ఆసామే. మీరు పని మానేసిన నాటికి అమల్లో ఉన్న ఈ చట్టం పొలాల్లో మందు కొట్టే కూలీలకూ వర్తిస్తుంది. కొట్టింది ఆ రకం కాని సైపర్‌మెత్రిన్ లాంటిదే అయితే ఈ వెసులుబాటు లేదు. ఫలానా ప్రమాదం వల్లే జబ్బు వచ్చిందని మీరే రుజువు చేయాలి, అది చాలా కష్టం.

పొలం గట్టున, షెడ్డులో పాత డబ్బాలుంటే లేబుల్ మీది మందు పేరు, బ్యాచ్ నంబరు స్పష్టంగా కనపడేలా ఫోటో తీయండి. కూలి డబ్బు ఫోన్‌లో పడి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. మీతో ట్యాంకు మోసిన ఇద్దరు సాక్ష్యానికి సిద్ధంగా ఉండాలి.

ఇప్పుడు రక్తంలో కోలినెస్టరేజ్ (ఆర్గానోఫాస్ఫరస్ మందులు తగ్గించే ఎంజైము) పరీక్ష చేయించొద్దు. మందుకు దూరమైన కొన్ని నెలలకే అది మామూలు స్థాయికి వస్తుంది, ఆ ‘నార్మల్’ రిపోర్టును అవతలి లాయరు మీమీదే వాడతాడు. ప్రభుత్వాసుపత్రి న్యూరాలజీలో నర్వ్ కండక్షన్ పరీక్ష (నరాల్లో సంకేతాలు ఎలా వెళ్తున్నాయో చూసేది) చేయించండి. తిమ్మిర్లకు షుగరే కారణమని వాదిస్తారు కాబట్టి షుగర్, బి12 పరీక్షలూ కలపండి. సంపాదన శక్తి ఎంత శాతం తగ్గిందో అర్హత ఉన్న డాక్టరే రాయాలి.

ఆర్‌ఎంపీ చీటీ ముట్టుకోకండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే మీ నిజమైన సాక్ష్యమూ కొట్టుకుపోతుంది. దొంగ సాక్ష్యం సృష్టించినందుకు ఏడేళ్ల దాకా జైలు.

ఇన్నాళ్లు ఒక్క ఓపీ చీటీ కూడా దాచుకోకపోవడం పెద్ద నిర్లక్ష్యం. పరిహారానికి పిటిషన్ వేసే గడువు రెండేళ్లే. జబ్బుతో వరుసగా పనికి వెళ్లలేకపోయిన మొదటి రోజు నుంచి లెక్క, అంటే 2026 నవంబరులో అదే తేదీ దాటకూడదు. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ దాన్ని నమ్ముకోవద్దు. 2025 నవంబరు 21న ఆ 1923 చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చినా, అంతకుముందు పుట్టిన మీ హక్కు పోదు.

ఈ వారమే ఆసామికి మందు పేరు, పని మానిన తేదీ, జబ్బు వివరాలతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి రసీదు దాచండి. తర్వాత మీ జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో పిటిషన్ వేయండి. లాయరుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి.