ఫైలు పంపే ముందు

ప్రియమైన తమ్ముడికి,

మొదటి సినిమాకి నేపథ్య సంగీతం చేస్తున్నావని తెలిసి చాలా సంతోషం వేసింది. బాణీల గురించి నీకు నేను చెప్పేదేమీ లేదు. నీకూ ఎడిటర్‌కీ మధ్య తిరిగే ఫైళ్ల గురించే ఈ ఉత్తరం. మంచి సంగీతం అక్కడ పాడైపోవడం కళ్లారా చూశాను.

నా తొలి రోజుల్లో 20 నిమిషాల రీల్ ఒకటి, అంటే సినిమాలో ఒక భాగం, వచ్చింది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, నాకొచ్చిన వీడియో 23.976. ఇంత చిన్న తేడా ఏం చేస్తుందిలే అని అడగలేదు. నా గదిలో అన్నీ చక్కగా కలిశాయి. మాటలూ చప్పుళ్లూ సంగీతమూ కలిపే మిక్సింగ్‌లో అసలు బొమ్మకి పెట్టి చూస్తే మొదటి సీను బాగానే ఉంది, పోనుపోను సంగీతం వెనకబడింది. రీల్ చివర్లో ఒకామె తలుపు మూస్తుంది. ఆ చప్పుడుతో పాటు పడాల్సిన డప్పు దెబ్బ, ఆమె గొళ్లెం వదిలి ఇటు తిరిగాక పడింది. వెయ్యిలో ఒక వంతు తేడా 20 నిమిషాలకి 1.2 సెకన్లు అవుతుంది. ఆ ఒక్క దెబ్బ కోసమే వారం రోజులు కూర్చున్నాను.

అందుకే వీడియో రాగానే ముందు ఫ్రేమ్ రేటు అడుగు. బొమ్మ మీద టైమ్‌కోడ్, అంటే గంటలు:నిమిషాలు:సెకన్లు:ఫ్రేములు చూపే అంకెలు, కనిపించేలా పంపమను. డైలాగులు ఒక ఛానెల్లో, ఎడిటర్ తాత్కాలికంగా పెట్టుకున్న సంగీతం మరో ఛానెల్లో అడుగు. ఆ సంగీతాన్ని ఆపేసి మాటలు మాత్రం వింటూ పనిచేసుకోవచ్చు. బొమ్మ మొదలవడానికి సరిగ్గా 2 సెకన్ల ముందు ఒక్క ఫ్రేమ్ బీప్ కూడా ఉండాలి. రీల్ 01:00:00:00 దగ్గర మొదలైతే బీప్ 00:59:58:00 దగ్గర వినపడాలి. నువ్వు పూర్తి రీల్ తిరిగి పంపేటప్పుడు నీ ఫైల్లోనూ అదే చోట ఆ బీప్ ఉంచు. రెండు బీపులూ ఒకేసారి మోగితే మొదలు కలిసినట్టే. అయినా చివరి సీను కూడా చూడు, నా తప్పు బయటపడింది అక్కడే.

ఇచ్చేది 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు. వినడానికి ఎంపీ3 పంపు, ఎడిటింగులో పెట్టడానికి మాత్రం వద్దు. కుదించేటప్పుడు దాని మొదట్లో చిన్న ఖాళీ చేరుతుంది, బొమ్మకీ సంగీతానికీ పొత్తు తప్పుతుంది. తీగల వాద్యాలు, తాళవాద్యాలు, గొంతులు వేరువేరు ఫైళ్లుగా ఇవ్వు, అన్నీ ఒకే బిందువు దగ్గర మొదలవ్వాలి. డైలాగు మీద డప్పు బరువైతే మిక్సింగ్ ఇంజనీర్ దాన్నొక్కదాన్నే తగ్గించుకుంటాడు. చివరి స్వరం గాలిలో పూర్తిగా కరిగేదాకా ఫైలు కత్తిరించకు.

పేర్ల దగ్గర బద్ధకించకు. రీల్ నంబరు, క్యూ (ఒక్కో సంగీతపు ముక్క) నంబరు, ఎడిటర్ ఇచ్చిన ఏ కట్‌కి చేశావో, ఎక్కడ మొదలవుతుందో అన్నీ పేరులోనే ఉండాలి. 'ఫైనల్', 'కొత్త ఫైనల్' అని రాస్తే అర్ధరాత్రి ఎడిటర్ ఏది తీసుకోవాలి? లాక్ అయింది, ఇక మార్పుల్లేవు అన్న రీల్ మళ్లీ మారుతుంది, కోపం తెచ్చుకోకు. ఏ టైమ్‌కోడ్ దగ్గర ఎన్ని ఫ్రేములు తీశారో రాసి ఇమ్మని అడుగు.

పంపే ముందు ఖాళీ ప్రాజెక్టు తెరిచి, పంపబోయే ఫైళ్లనే వీడియో పక్కన పెట్టి ఒకసారి పూర్తిగా చూడు. మొదటి రీల్ అలా చూశాక నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే.

ప్రేమతో,
అన్నయ్య