ఎడమ కాలి సంగతి

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

డ్రైవింగ్ స్కూలు అయిపోయినా బండి ఇంకా లేగదూడలా గెంతుతోందనీ, అయినా సంక్రాంతికి భీమవరం నుంచి కారులోనే వస్తాననీ రాశావు. రా. కానీ ఈలోగా క్లచ్ తొక్కే నీ ఎడమ కాలికి కాస్త నిదానం నేర్పాలి.

ముందు లోపల ఏం జరుగుతోందో తెలుసుకో. కారు ఆగి ఉన్నా ఇంజిన్ నిమిషానికి ఎనిమిది వందల చుట్లు అటూ ఇటూగా తిరుగుతూనే ఉంటుంది. చక్రాలేమో కదలకుండా ఉంటాయి. తిరిగేదాన్ని, నిలబడ్డదాన్ని కలిపేది క్లచ్ ప్లేటు. ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీలుకీ, నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటుకీ మధ్య అది అప్పడంలా ఇరుక్కుని ఉంటుంది. పెడల్ తొక్కితే వదులవుతుంది, వదిలితే బిగుస్తుంది. ఆ రెంటికీ నడుమ జారుతూ జారుతూ పట్టే చోటు ఒకటుంది. హాఫ్ క్లచ్ అనేది దాన్నే. పెడల్ కదిలే దూరంలో ఆ చోటు ఒకటి, రెండు సెంటీమీటర్లకి మించదు. అక్కడ కాలు ఆగకుండా దాటేస్తే ఇంజిన్ ఆగిపోతుంది, లేదా బండి గెంతుతుంది.

సీటు సరిచేసుకోవడం చిన్న పనేమీ కాదు. క్లచ్ అడుగంటా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. తొక్కేటప్పుడు మడమ లేచినా ఫరవాలేదు గానీ, వదిలేటప్పుడు నేలకి ఆనాలి. గాల్లో ఉన్న కాలికి సెంటీమీటరు లెక్క తెలీదు. హవాయి చెప్పులతో నడపకు. మ్యాట్ జరిగి పెడల్ కిందకి దూరిందేమో చూసుకో.

మార్కెట్ యార్డు ఖాళీగా ఉన్నప్పుడు, లైసెన్సు ఉన్నవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టు. కాలవ గట్టు మీద మాత్రం వద్దు. యాక్సిలరేటర్ జోలికి పోకుండా, చదునైన నేల మీద మొదటి గేరు వేసి క్లచ్ మెల్లిగా వదులు. ఒకచోట ఇంజిన్ చప్పుడు బరువెక్కుతుంది, సీటు కింద సన్నగా వణుకు తెలుస్తుంది. అక్కడ కాలు ఆపు. బండి తనంతట తనే పాకుతుంది. రెండు క్షణాలు అలాగే ఉంచి, మిగతాది వదిలెయ్. మళ్ళీ తొక్కు, ఆపు, మళ్ళీ. ఇలా రోజుకి ముప్పై, నలభై సార్లు చేస్తే వారంలో ఆ చోటు కాలికి గుర్తుండిపోతుంది. యాక్సిలరేటర్ ఆ తర్వాతే. చాలామంది దీన్నే తిరగేసి నేర్పుతారు, అందుకే ఇంజిన్ అరుపులూ, గెంతులూ.

గేరు మార్చేటప్పుడు కుడికాలు యాక్సిలరేటర్ మీంచి తియ్యడం, ఎడమకాలు క్లచ్ తొక్కడం ఒకేసారి జరగాలి. రాడ్డుని పిడికిలితో పొడవకు, అరచేత్తో తోస్తే చాలు. న్యూట్రల్ దగ్గర రెప్పపాటు ఆగితే లోపలి పళ్ళు వేగం కలుపుకుంటాయి. పెట్రోలు బండికి మొదటి గేరు కదలడానికే. గంటకి పదిహేను కిలోమీటర్ల వేగానికి రెండు, ముప్పైకి మూడు, నలభై దాటాక నాలుగు, అరవైకి దగ్గర్లో అయిదు సుమారుగా సరిపోతాయి. రెండు వేసేటప్పుడు క్లచ్ నిదానంగా వదులు, మూడు నుంచి కాస్త చురుగ్గా వదిలినా కుదుపు రాదు. కిందికి దిగేటప్పుడు ముందు బ్రేకుతో వేగం తగ్గించాకే చిన్న గేరు. యాభైలో రెండు వేస్తే ముందు చక్రాలు పట్టేసినట్టయి తల ముందుకి తూలుతుంది. రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన చోట అలా చేస్తే జారుతుంది కూడా.

రివర్స్ వేస్తుంటే కరకరమంటోందన్నావు. చాలా బండ్లలో రివర్స్ గేరుకి సింక్రోనైజర్, అంటే పళ్ళ వేగం కలిపే అమరిక, ఉండదు. బండి పూర్తిగా ఆగాక క్లచ్ తొక్కి మూడు క్షణాలు ఆగి వెయ్. అప్పటికీ పడకపోతే ఒకసారి మొదటి గేరు తగిలించి తర్వాత రివర్స్‌కి రా.

ఆపేటప్పుడు ముందు బ్రేకు తొక్కు. బండి వణకబోతోందనగా క్లచ్. దూరం నుంచే క్లచ్ తొక్కేస్తే ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

కోడిపందేల రోజుల్లో భీమవరం రోడ్లు ఎలా ఉంటాయో నీకు తెలుసు. జానెడు కదలడానికి హాఫ్ క్లచ్‌లో పాకించకు. ముందు బండికీ నీకూ మధ్య రెండు కార్ల చోటు వచ్చేదాకా న్యూట్రల్‌లో ఉంచి, కాలు క్లచ్ మీంచి తీసెయ్. రైలు గేటు దగ్గరా అంతే. ఊరికే కాలు ఆనించి ఉంచినా క్లచ్‌ని వదులు చేసే రిలీజ్ బేరింగ్ అరుగుతుంది, ప్లేటు వేడెక్కుతుంది. కాలిన గుడ్డ వాసన వస్తే పక్కకి ఆపి పావుగంట చల్లారనివ్వు. నాలుగో గేరులో నలభై మీద గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు పని అయిపోయిందన్నమాట. ప్రయాణం పెట్టుకోకముందే మెకానిక్కుకి చూపించు.

ఇక గోదావరి దాటించే పంటు. నర్సాపురంలో ఎక్కడం కన్నా ఇటు సఖినేటిపల్లిలో దిగి రేవు గట్టెక్కడమే కష్టం. ఏటవాలు, వెనక మోటారుసైకిళ్ళు, ముందు మనుషులు. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి, మొదటి గేరు వేసి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, క్లచ్‌ని పట్టే చోటుకి తీసుకురా. ముందు భాగం కాస్త లేచినట్టు తెలుస్తుంది. అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించు. బండి వెనక్కి అంగుళం కూడా పోకూడదు. పోతే కంగారుపడి యాక్సిలరేటర్ తొక్కకు, క్లచ్, బ్రేకు రెండూ తొక్కి మళ్ళీ మొదట్నుంచి చెయ్. ఎవడు హారన్ కొట్టినా కొట్టనీ. పంటు మీద ఉన్నంతసేపూ ఇంజిన్ ఆపి, గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచు.

ఆ కసరత్తు అప్పటికి కుదరకపోతే మొహమాటపడకు. పాలకొల్లు మీదుగా దిగమర్రు వచ్చి, చించినాడ వంతెన దాటి దిండి వైపు నుంచి రా. కాస్త చుట్టే గానీ, వంతెన ఎత్తు నిదానంగా ఉంటుంది, మూడో గేరులో వచ్చేస్తావు.

మీ మావయ్య