తొలి గెలుపు ఎంత చెబుతుంది? పందెం గుర్రాలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రెండేళ్ళ కోల్ట్ (మగ పిల్లగుర్రం) ఒకటి తన మొట్టమొదటి రేసును ఏడు లెంగ్తుల తేడాతో గెలిచింది. ‘కాబోయే చాంపియన్’ అని అప్పుడే రాసేస్తున్నారు. నమ్మవచ్చా?

జవాబు: ఏడు లెంగ్తులంటే పెద్ద తేడాయే. ముందు దాన్ని సెకన్లలోకి మార్చి చూడండి. లెంగ్తు అంటే ముక్కు నుంచి తోక మొదలు దాకా గుర్రం పొడవు, సుమారు 2.4 మీటర్లు. పొడిగా ఉన్న పచ్చిక ట్రాక్ మీద సెకనుకు ఆరు లెంగ్తులు, తడిసి మెత్తబడిన ట్రాక్ మీద ఐదు అని బ్రిటన్‌లో లెక్కకడతారు. ఆ ప్రకారం ఏడు లెంగ్తులు పొడి ట్రాక్ మీద 1.2 సెకన్ల లోపు, తడి ట్రాక్ మీద 1.4 సెకన్లు. పైగా తడి ట్రాక్ మీద వెనకబడ్డ గుర్రాలు డస్సిపోతాయి. ఇక లాభం లేదని జాకీలు వాటిని తోలడం మానేస్తారు. ఆ ఏడింటిలో చివరి రెండు మూడు లెంగ్తులు గెలిచిన గుర్రం గొప్పతనం కాదు, ఓడినవాటి అలసట.

దూరం కూడా చూడాలి. హ్యాండీక్యాపర్లు (ఏ గుర్రం ఎంత బరువు మోయాలో నిర్ణయించేవాళ్ళు) లెంగ్తులను బరువులోకి మారుస్తారు: 1000 మీటర్లకు లెంగ్తుకు 3 పౌండ్లు, 1600 మీటర్లకు సుమారు 2 పౌండ్లు, 2400 మీటర్లకు ఒకటిన్నర. అంటే ఏడు లెంగ్తుల గెలుపు 1000 మీటర్ల రేసులో 21 పౌండ్ల ఆధిక్యం. అదే 2400 మీటర్ల రేసులో పది పౌండ్ల చిల్లరే.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న మాత్రం ఒకటే: అది ఓడించింది ఎవరిని? 2010 ఆగస్టు 13న ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్‌లో ఫ్రాంకెల్ తొలి రేసు గెలిచింది. తేడా అర లెంగ్తు. కాగితం మీద సాదాసీదా గెలుపు. కానీ రెండో స్థానంలో వచ్చిన నాథానియల్ ఆ తరువాతి ఏడాది కింగ్ జార్జ్ రేసు, 2012లో ఎక్లిప్స్ (రెండూ ఇంగ్లండ్‌లోని పెద్ద రేసులు) గెలిచింది. ఫ్రాంకెల్ 14 రేసుల్లో 14 గెలిచి ఓటమి ఎరగకుండా విరమించింది. నాథానియల్ మీద సాధించిన అర లెంగ్తు, ఆ తరువాత ఎక్కడా గెలవని గుర్రాల మీద సాధించిన పది లెంగ్తుల కన్నా విలువైనది.

అందుకే తొలి రేసు ఫలితాన్ని ఆ రోజే తూచకండి. రెండు నుంచి ఐదో స్థానం దాకా వచ్చిన గుర్రాల పేర్లు రాసి పెట్టుకుని, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి. వాటిలో రెండు తమ తరువాతి రేసు గెలిస్తే ఆ తొలి రేసు గట్టిది. నాలుగూ మళ్ళీ ఓడితే, ఏడు లెంగ్తుల సంగతి మళ్ళీ ఆలోచించాలి.

ఈలోగా చేతిలో ఉన్న ఆధారం సెక్షనల్ టైమింగ్, అంటే రేసులో ఒక్కో భాగానికి పట్టిన సమయం. మొత్తం సమయం రేసు ఎలా నడిచిందో చెప్పదు, చివరి 600 మీటర్లు చెబుతాయి. ఉదాహరణకు 1400 మీటర్లు 84 సెకన్లలో ముగిస్తే, ప్రతి 200 మీటర్లకు సగటు 12 సెకన్లు. చివరి 600 మీటర్లకు 35 సెకన్లు పడితే అక్కడ సగటు 11.67. పన్నెండును 11.67తో భాగిస్తే 103 శాతం వస్తుంది. గుర్రం ముగింపులో తన సగటును మించి పరిగెత్తిందన్నమాట, ఇంకా శక్తి మిగిలే ఉంది. చివరి 600కు 37.5 సెకన్లు పడితే 96 శాతం: మొదట్లో దూకుడుగా వెళ్ళి, చివర్లో ఈడ్చుకుంటూ వచ్చింది. రెండూ ఒకే తేడాతో గెలిచి ఉండవచ్చు. మేమైతే మొదటిదాని వెంటే ఉంటాం. ఒక జాగ్రత్త: రేసంతా నెమ్మదిగా నడిస్తే చివరి శాతం అందరికీ పెరుగుతుంది. కాబట్టి అదే రోజు, అదే దూరం పరిగెత్తిన పెద్ద గుర్రాల మొత్తం సమయంతో పోల్చకుండా ఈ లెక్కను నమ్మవద్దు.

ఇక వీడియోలో చూడవలసినవి. గేటు తెరుచుకున్నాక తడబడి ఆలస్యంగా బయలుదేరిందా, తల పైకెత్తి పగ్గం మీద పోట్లాడిందా, ఒంటరిగా ముందుకొచ్చాక పక్కకు వాలిందా? ఇవి అనుభవం లేకపోవడానికి గుర్తులు, రెండో రేసుకల్లా చాలావరకు తగ్గుతాయి. ఇన్ని పొరపాట్లు చేస్తూ గెలిచిన గుర్రంలో ఎదగడానికి చోటుంది. మెరుపులా బయలుదేరి, తిన్నగా పరిగెత్తి, కొరడా దెబ్బలకు చివరి బలమంతా ఇచ్చి గెలిచినదాంట్లో ఆ చోటు తక్కువ.

పెద్ద తేడాలన్నీ ఉత్తవేనని అనుకోవద్దు. ఫ్రాంకెల్ తండ్రి గెలీలియో 2000 అక్టోబరులో ఐర్లండ్‌లోని లెపర్డ్స్‌టౌన్‌లో తొలి రేసును 14 లెంగ్తుల తేడాతో గెలిచింది. మరుసటి ఏడాది ఎప్సమ్ డెర్బీ, ఐరిష్ డెర్బీ, కింగ్ జార్జ్ మూడూ దాని ఖాతాలోకే వెళ్ళాయి.

ప్రశ్న: తొలి రేసులో ఓడిన గుర్రాన్ని పక్కన పెట్టేయవచ్చా?

జవాబు: వద్దు. సెక్రటేరియట్ 1972 జులై 4న ఆక్విడక్ట్‌లో తొలి రేసులో నాలుగో స్థానంలో వచ్చింది, మరుసటి ఏడాది అమెరికన్ ట్రిపుల్ క్రౌన్ (ఒకే ఏడాది మూడు పెద్ద రేసులు) గెలిచింది. సీ ద స్టార్స్ 2008లో కరాలో నాలుగోది. అమెరికన్ ఫారో 2014లో డెల్ మార్‌లో ఐదోది. రెండూ తరువాత చాంపియన్లయ్యాయి. ఓటమికి కంటికి కనిపించే కారణం ఉంటే (గేటు దగ్గర దెబ్బ, దారి మూసుకుపోవడం, దూరం చాలకపోవడం) దాన్ని లెక్కలోంచి తీసేయండి. దారి తెరిచే ఉన్నా చివరి 200 మీటర్లలో హఠాత్తుగా చతికిలబడి, ఊపిరి పీల్చేటప్పుడు గురగుర శబ్దం వస్తే మాత్రం పశువైద్యుడితో గొంతులోకి ఎండోస్కోపు పెట్టించి చూడాలి. స్వరపేటిక ఎడమ వైపు నరం దెబ్బతిని గాలిదారి పూర్తిగా తెరుచుకోకపోవడం థరోబ్రెడ్ అనే ఈ పందెం గుర్రాల జాతిలో తరచూ కనిపించే లోపం.

ప్రశ్న: వేలం కేటలాగులో ఒక్కో పిల్లకు పేజీ నిండా పేర్లుంటాయి. ఏది ముందు చదవాలి?

జవాబు: తండ్రి పేరు మీద కన్ను ముందు పడుతుంది. తల్లి దగ్గర మొదలుపెట్టండి. పేరున్న స్టాలియన్ (సంతానం కోసం ఉంచిన మగగుర్రం) ఒక్క సీజన్‌లో 150కి పైగా ఆడగుర్రాలతో జతకట్టవచ్చు. థరోబ్రెడ్‌లో కృత్రిమ గర్భధారణకు అనుమతి లేదు, అయినా అంత సంఖ్య వస్తుంది. అదే ఆడగుర్రం 11 నెలలు మోసి ఏడాదికి ఒక్క పిల్లనే ఇస్తుంది. అందుకే తల్లి ఒకటే అయితేనే రెండు గుర్రాలను సోదరులంటారు. తండ్రి మాత్రమే ఒకటైతే ఆ మాట వాడరు. గెలీలియో, సీ ద స్టార్స్ సగం అన్నదమ్ములు: తల్లి అర్బన్ సీ, 1993లో ఫ్రాన్స్‌లోని పెద్ద రేసు ఆర్క్ ద ట్రియోంఫ్ గెలిచిన ఆడగుర్రం. తండ్రులు వేరు, ఒకదానికి శాడ్లర్స్ వెల్స్, రెండోదానికి కేప్ క్రాస్. రెండు వేర్వేరు స్టాలియన్లతో రెండు డెర్బీ విజేతలను కన్నదంటే ఆ గుణం ఎటునుంచి వచ్చిందో ఊహించుకోవచ్చు.

పేజీలో ‘మొదటి తల్లి’ (పిల్ల సొంత తల్లి) కింద నాలుగు అంకెలు వెతకండి: పరుగు వయసుకొచ్చిన పిల్లలెన్ని, వాటిలో పరిగెత్తినవెన్ని, గెలిచినవెన్ని, బ్లాక్ టైప్ సాధించినవెన్ని. బ్లాక్ టైప్ అంటే బొద్దక్షరాలు: గ్రూప్ లేదా లిస్టెడ్ రేసు (పై తరగతి రేసులు) గెలిచిన గుర్రం పేరును బొద్దుగా పెద్ద అక్షరాల్లో, అలాంటి రేసులో స్థానం మాత్రమే సాధించినదాన్ని బొద్దుగా చిన్న అక్షరాల్లో అచ్చువేస్తారు. ఎనిమిది పిల్లల్లో ఏడు పరిగెత్తి ఐదు గెలిస్తే, ఒక్క బ్లాక్ టైప్ లేకపోయినా అది గట్టి ఎముక ఉన్న కుటుంబం. ఎనిమిదిలో మూడే ట్రాక్ ఎక్కితే, మిగతా ఐదింటికి ఏమైందో అమ్మేవాళ్ళను అడిగి తీరాలి.

కొనేవాళ్ళు మోసపోయేది ఇక్కడే. మొదటి తల్లి దగ్గర చెప్పుకోవడానికేమీ లేనప్పుడు పేజీ త్వరగా మూడో తల్లికి, నాలుగో తల్లికి జారిపోతుంది. అక్కడ బొద్దక్షరాలు కళ్ళు చెదిరేలా ఉంటాయి. మూడో తల్లి అంటే ముత్తమ్మమ్మ. ఆమె రక్తం ఈ పిల్లకు వచ్చేది సగటున ఎనిమిదో వంతు. బొద్దక్షరాలు పేజీ పైభాగంలో ఉన్నాయా, అడుగున ఉన్నాయా అన్నదే విలువను నిర్ణయిస్తుంది.

తండ్రి సంగతికొస్తే, ఎంతమంది పిల్లలు గెలిచారన్నది వదిలేసి, మొత్తం పిల్లల్లో బ్లాక్ టైప్ విజేతల శాతం చూడండి. పది శాతానికి చేరేవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని.

ప్రశ్న: వంశావళి కింద 3×4, 3×2 అని వేస్తారు. అవేమిటి?

జవాబు: ఒకే పూర్వీకుడు తండ్రి వైపు ఎన్నో తరంలో, తల్లి వైపు ఎన్నో తరంలో ఉన్నాడో చెప్పే అంకెలు. ఎడమది తండ్రి వైపు, కుడిది తల్లి వైపు. తల్లిదండ్రులు మొదటి తరం. ఫ్రాంకెల్‌నే తీసుకోండి. తండ్రి గెలీలియో, తాత శాడ్లర్స్ వెల్స్, ముత్తాత నార్తర్న్ డాన్సర్: మూడో తరం. తల్లి కైండ్, దాని తండ్రి డేన్‌హిల్, తాత డాన్‌జిగ్, ముత్తాత మళ్ళీ నార్తర్న్ డాన్సర్: నాలుగో తరం. కాబట్టి నార్తర్న్ డాన్సర్‌కు 3×4.

ఎనేబుల్ అనే ఆడగుర్రానిది ఇంకా దగ్గరి కలయిక. ఫ్రాంకెల్ చేతిలో అర లెంగ్తుతో ఓడిన నాథానియల్ దాని తండ్రి. నాథానియల్ తండ్రి గెలీలియో, గెలీలియో తండ్రి శాడ్లర్స్ వెల్స్. తల్లి కాన్సెంట్రిక్‌కు శాడ్లర్స్ వెల్స్ స్వయంగా తండ్రి. అంటే 3×2. ఇంత దగ్గరి సంబంధాన్ని చాలామంది బ్రీడర్లు వద్దంటారు, ఎందుకంటే మంచి గుణంతో పాటు దాగి ఉన్న లోపం కూడా రెండు వైపుల నుంచీ ఒకేసారి దిగే అవకాశం పెరుగుతుంది. ఎనేబుల్ 2016 నవంబరులో న్యూకాసిల్‌లో తొలి రేసు గెలిచి, 2017, 2018 ఆర్క్‌లు రెండూ గెలిచింది. దాన్ని చూసి 3×2 మంచిదనే సూత్రం చేసుకోకండి. అలా పుట్టి ట్రాక్ ఎక్కని పిల్లల పేర్లు ఎవరూ అచ్చువెయ్యరు.

ప్రశ్న: తండ్రి దూరపు రేసుల గుర్రం, తల్లి స్ప్రింటర్. పిల్ల ఎంత దూరం పరిగెత్తుతుంది?

జవాబు: గెలీలియో 2400 మీటర్ల డెర్బీ విజేత, కైండ్ స్ప్రింటర్. ఫ్రాంకెల్ వాటి నడుమన నిలబడి మైలు రేసులను ఏలింది, 2012లో యార్క్‌లో 2000 మీటర్లు దాటిన రేసూ గెలిచింది. మైయోస్టాటిన్ జన్యువు దీనికి కొంత కారణం చెబుతుంది. ఆ జన్యువుకు సీ, టీ అని రెండు రూపాలు. 2010లో వెలువడిన పరిశోధన ప్రకారం సీ–సీ ఉన్న గుర్రాలు పొట్టి దూరాలకు, సీ–టీ మధ్య దూరాలకు, టీ–టీ పొడవు దూరాలకు సరిపడతాయి. తల్లి నుంచి ఒక అక్షరం, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. సీ–సీ, టీ–టీ జతకు పుట్టే పిల్లలన్నీ సీ–టీలే. సీ–టీ, సీ–టీ జతకైతే మూడు రకాలూ పుట్టవచ్చు, అందుకే సొంత అన్నదమ్ములు కూడా వేర్వేరు దూరాల్లో రాణిస్తాయి. రక్తం లేదా వెంట్రుకల నమూనాతో పరీక్ష అయిపోతుంది. అది దూరం గురించే చెబుతుంది, వేగం ఎంతో చెప్పదు.

ప్రశ్న: రెండేళ్ళకే రేసు పెడితే కాళ్ళు పాడవవా?

జవాబు: ముందు వయసు సరిగ్గా లెక్కపెట్టండి. ఉత్తరార్ధగోళంలో అన్ని గుర్రాలకూ జనవరి 1న, దక్షిణార్ధంలోని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఆగస్టు 1న ఏడాది నిండినట్టు. జనవరి మధ్యలో పుట్టినదీ, మే మధ్యలో పుట్టినదీ ఒకే వయసు కింద ఒకే గేటులోంచి బయలుదేరతాయి, నాలుగు నెలల తేడా ఉన్నా. మే పిల్ల తొలి రేసును వేసవిలో గెలిచిందంటే ఆ గెలుపుకు కాస్త ఎక్కువ మార్కులే వెయ్యాలి.

ఈ వయసులో ముందుగా వచ్చే బెడద ముంగాళ్ళ మోకాలి కింద ఉండే పొడవాటి ఎముక ముందు భాగంలో నొప్పి. వేగపు గ్యాలప్ మరునాడు అక్కడ వేడి, బొటనవేలితో నొక్కితే కాలు లాక్కోవడం, అడుగు కురచ కావడం కనిపిస్తాయి. కారణమేమిటంటే ఎముక తాను మోసే భారానికి తగ్గట్టే తన ఆకారం మార్చుకుంటుంది. నెలల తరబడి క్యాంటర్ (గ్యాలప్ కన్నా నెమ్మది పరుగు) మాత్రమే చేయించి ఒక్కసారిగా వేగం పెంచితే, సిద్ధపడని ఎముక మీద ఆ వేగపు భారమంతా పడుతుంది. పెన్సిల్వేనియాలోని న్యూ బోల్టన్ సెంటర్ పరిశోధకులు తేల్చిన మార్గం ఇది: దూరపు గ్యాలప్‌లు తగ్గించి, మొదటి నుంచే వారంలో ఒకటి రెండుసార్లు చాలా పొట్టి దూరం వేగంగా పరిగెత్తించి, ఆ దూరాన్ని వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచాలి. నొప్పి మొదలైతే వేగం పూర్తిగా ఆపి నడకకు దింపండి. నొక్కినప్పుడు నొప్పి పోయేదాకా తిరిగి గ్యాలప్ వద్దు. మందుతో నొప్పి కప్పిపెట్టి పరిగెత్తిస్తే సన్నని పగులు పెద్దదవుతుంది.

ఎముక సిద్ధంగా లేకపోతే ఆగడంలో నష్టం లేదు. జస్టిఫై రెండేళ్ళ వయసులో ఒక్క రేసూ పరిగెత్తలేదు. 2018 ఫిబ్రవరి 18న శాంటా అనీటాలో తొలి రేసును తొమ్మిదిన్నర లెంగ్తులతో గెలిచి, అదే ఏడాది జూన్ 9కల్లా ట్రిపుల్ క్రౌన్ ముగించింది. రెండేళ్ళప్పుడు పరిగెత్తకుండా కెంటకీ డెర్బీ గెలిచిన గుర్రం అంతకుముందు 1882లో అపోలో ఒక్కటే.

ప్రశ్న: తొలి రేసు గెలిచాక రెండోది ఎప్పుడు?

జవాబు: మూడు నుంచి నాలుగు వారాలు. తొలి రేసులో బాగా శ్రమపడి గెలిచినదైతే ఇంకాస్త ఆగవచ్చు. కేలెండరు కన్నా దాణా తొట్టి బాగా చెబుతుంది: రేసు మరునాడు సాయంత్రానికల్లా తొట్టి ఖాళీ చేస్తే ఒళ్ళు కోలుకుంటున్నట్టే. మూడో రోజు కూడా దాణా మిగులుస్తుంటే, లేదా రేసుకు ముందున్న బరువుకు వారం గడిచినా చేరకపోతే, ఎంట్రీ వెనక్కి తీసుకుని రక్తపరీక్ష చేయించండి. రెండో రేసులో తరగతి, దూరం రెండూ ఒకేసారి పెంచకండి. ఓడిపోతే ఏది ఎక్కువైందో తెలియదు.