థేమ్స్ గడ్డకట్టింది సరే, మన కృష్ణ సంగతి?

ప్రశ్న: లండన్‌లో ఒకప్పుడు థేమ్స్ నది గడ్డకట్టిపోతే దాని మీద అంగళ్లు పెట్టి తిరునాళ్లు చేసేవాళ్లని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? మన కృష్ణకి అలాంటిది ఎప్పుడైనా జరుగుతుందా?
– ఒక పాఠకురాలు, భవానీపురం, విజయవాడ

జవాబు: నిజమేనండీ. 1683-84 చలికాలంలో దాదాపు రెండు నెలలు థేమ్స్ గడ్డకట్టే ఉంది. దాని మీద వరసగా దుకాణాలు వెలిశాయి, ఆఖరికి ప్రింటింగ్ ప్రెస్‌లు కూడా. పేరు చెబితే అక్కడికక్కడే కార్డు మీద అచ్చేసి ఇచ్చేవాళ్లు, రాజు రెండో చార్లెస్ కూడా ఇంటిల్లిపాదీ పేర్లు వేయించుకున్నాడు. చివరి జాతర 1814 ఫిబ్రవరిలో, కొద్ది రోజులే. గొర్రెను కాలుస్తుంటే ఊరికే చూడ్డానికి ఆరు పెన్నీలు, ముక్క తినాలంటే ఒక షిల్లింగు! బేరాలు పోయిన పడవవాళ్లు మాత్రం ఊరుకుంటారా, ఒడ్డు పక్కన మంచు పగలగొట్టి, ఆ సందు మీద చెక్క వేసి, దాటేవాళ్ల దగ్గర డబ్బులు గుంజారు. మన పుష్కరాల్లో పార్కింగ్ వసూళ్లే గుర్తొచ్చాయి నాకు.

అయితే అదంతా చలి ఒక్కదాని వల్లే కాదు, సగం పని పాత లండన్ బ్రిడ్జిది. దాని కమానులు మరీ ఇరుకు, మంచు గడ్డలు కొట్టుకొచ్చి వాటికి అడ్డం పడేవి, ఎగువన నీళ్లు నెమ్మదించి గడ్డకట్టేవి. 1831లో కొత్త వంతెన తెరిచి పాతది కూల్చేశారు, తర్వాత కరకట్టలు కట్టి నదిని ఇరుకు చేసేసరికి ప్రవాహం జోరందుకుంది. అందుకే 1963లో ఎముకలు కొరికే చలి పడినా ఎగువన విండ్సర్ దగ్గర గడ్డకట్టింది గానీ లండన్ నడిబొడ్డున కట్టలేదు.

మరి ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు నిలిచే ఉంటాయిగా అంటారేమో. నిలిస్తే చాలదండీ, పైపొర సున్నా డిగ్రీలకి దిగాలి. మనకి జనవరి తెల్లవారుజామున మంకీ క్యాప్ పెట్టుకుని వాకింగ్‌కి వెళ్లే రోజుల్లో కూడా మామూలుగా 15 డిగ్రీల పైనే ఉంటుంది, పదింటికల్లా ఎండ చురుక్కుమంటుంది. కాబట్టి కృష్ణ గురించి టెన్షన్ వద్దు.

మీ అబ్బాయి ఎలాగూ చేపలేమయ్యేవని అడుగుతాడు. నీళ్లకి అన్నిటికన్నా బరువు 4 డిగ్రీల దగ్గర, అంతకన్నా చల్లబడితే తేలికై పైకొస్తాయి, గడ్డ ఇంకా తేలిక. అందుకే పైన జనం గొర్రె మాంసం తింటున్నా కింద నీళ్లు పారుతూనే ఉండేవి, చేపలు ఈదుతూనే ఉండేవి.