క్యారెక్టర్ నటుడి మీద రాసేవాడికి

చిరంజీవికి,

గ్రాహమ్ గ్రీన్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యానికి మంచి నడక ఉంది. కానీ మూడో పేజీలో "ఈయన నవలా రచయితగానూ ప్రసిద్ధుడు" అన్న దగ్గర ఆగిపోయాను. ఆ నవలా రచయిత వేరే మనిషి. ఇంగ్లండువాడు, 1904లో పుట్టి 1991లో పోయాడు. నువ్వు రాస్తున్న నటుడు కెనడా మనిషి. ఒంటారియోలో, ఆదివాసీలకు కేటాయించిన సిక్స్ నేషన్స్ రిజర్వులో, ఒష్వేకెన్ అనే ఊళ్లో 1952 జూన్ 22న పుట్టాడు. 2025 సెప్టెంబర్ 1న ఒంటారియోలోనే స్ట్రాట్‌ఫర్డ్‌లో కన్నుమూశాడు. ఆ రచయిత నవలలు చాలా సినిమాలయ్యాయి కనుక, ఉత్త పేరు పెట్టి వెతికితే ఇద్దరి జాబితాలూ కలగాపులగమై వస్తాయి. పేరుకి పుట్టిన సంవత్సరమో, ఒక పాత్ర పేరో జోడించి వెతుకు.

ఇది ఒక్క గీతతో పోయే తప్పు. నాకు కోపం తెప్పించింది శీర్షిక కింది మాట: "ప్రకృతి ఒడిలో పెరిగిన రెడ్ ఇండియన్, పుట్టుకతోనే నటుడు." మొత్తం కొట్టెయ్యి. సిక్స్ నేషన్స్ అంటే మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా ప్రజల సమాఖ్య. గ్రీన్ ఒనైడా. ఆ పేరు ఉండగా "రెడ్ ఇండియన్" అని ఎందుకు రాయాలి? ఇక పుట్టుకతో నటుడంటావా, ఆయన డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాడు, ఉక్కు పని చేశాడు, రాక్ బృందాలకు సౌండ్ చూసుకున్నాడు. ఆ తర్వాతే టొరాంటో నాటకాల్లోకి వచ్చాడు. తొలి సినిమా 'రన్నింగ్ బ్రేవ్' 1983లో వచ్చేసరికి ఆయనకు ముప్పై దాటాయి. ఆ ఏళ్లన్నిటికీ నువ్వు ఇచ్చింది అర వాక్యం.

క్యారెక్టర్ నటుడి జీవితం ఆయన సన్నివేశాల్లో ఉంటుంది. అక్కడి నుంచి రాయాలి, అవార్డుల నుంచి కాదు. ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను. నువ్వు ఆస్కార్ నామినేషన్‌తో మొదలుపెట్టి మళ్లీ అక్కడికే వచ్చి ఆపావు. ఆ లెక్కయినా సరిగ్గా లేదు. ఆ నామినేషన్ తెచ్చిన 'డాన్సెస్ విత్ వుల్వ్స్' విడుదల 1990, అవార్డుల సభ 1991 మార్చిలో. సహాయ నటుడి బహుమతి ఆ ఏడు గ్రీన్‌కి కాదు, జో పెషీకి వెళ్లింది. అయితే ఈ అలవాటు నీకు నివాళి వ్యాసాలు వేసే పత్రికల నుంచి అంటింది. మనిషి పోయిన మర్నాడు నలభై ఏళ్ల పనిని రెండు వాక్యాలకు కుదించి, పట్టిక వేసి, ఫొటో పెద్దది చేస్తారు. హీరో కాని మనిషికి సన్నివేశ వర్ణన ఎందుకని అడిగే సంపాదకులు ఉన్నంతకాలం క్యారెక్టర్ నటుల మీద మంచి వ్యాసం రాదు. వాళ్ల కోసం రాయకు.

సన్నివేశం రాయడం ఎలాగో అడగలేదు గానీ చెబుతాను. అదే సినిమాలో కెవిన్ కాస్ట్‌నర్ వేసిన డన్‌బార్ అనే తెల్ల సైనికుడు మోకాళ్ల మీద వంగి, వేళ్లు కొమ్ముల్లా పెట్టి అడవిదున్నని అభినయిస్తాడు. పక్కన ఉన్న యోధుడు వీడికి మతి పోయిందంటాడు. కికింగ్ బర్డ్ అనే లకోటా పెద్దగా గ్రీన్ కాసేపు చూసి "తతాంకా" అంటాడు, వాళ్ల భాషలో అడవిదున్న అని. ఆడేది కాస్ట్‌నర్, అర్థమయ్యేది మాత్రం గ్రీన్ ముఖంలో. నువ్వు "అద్భుతంగా నటించాడు" అని వదిలేశావు. ఆ ముక్కని మూడుసార్లు చూడు. ఒకసారి మామూలుగా. రెండోసారి శబ్దం తీసేసి, ఆయన్ని మాత్రమే. మూడోసారి ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు ఈయన ఏం చేస్తున్నాడో కాగితం మీద పెట్టుకుంటూ: చూపు ఎటు, చేతులెక్కడ, జవాబుకి ముందు ఎంత ఆగాడు. క్యారెక్టర్ నటుడి పని ఎక్కువగా ఆ మూడోసారే దొరుకుతుంది. విశేషణాలతో మొదలుపెడితే ఇదేదీ కనిపించదు.

ఇంకో సంగతి నువ్వు పూర్తిగా వదిలేశావు. కికింగ్ బర్డ్ మాట్లాడే లకోటా గ్రీన్ భాష కాదు. లకోటా సూ భాషా కుటుంబానిది, ఒనైడా ఇరొక్వాయ్ కుటుంబానిది. తెలుగు నటుడు శ్రీకాకుళం కొండల్లోని సవర భాషలో పాత్ర చేస్తే ఎంత దూరమో అంత దూరం. డోరిస్ లీడర్ చార్జ్ అనే లకోటా ఉపాధ్యాయిని సంభాషణలు అనువదించి, నటులకు నేర్పించింది. లకోటాలో మగవాళ్లు, ఆడవాళ్లు వాక్యం ముగించే తీరు వేరు. సినిమాలో ఆ తేడా పాటించలేదని ఆ సమాజం నుంచే విమర్శ వచ్చింది. అది కూడా రాయి, దాచకు.

ఆయన్ని "శాంతమూర్తి" అని పిలిచావంటే 'క్లియర్‌కట్' చూడలేదన్నమాట. 1991 సినిమా. అడవి నరికే కంపెనీ మేనేజర్ని ఎత్తుకుపోయే ఆర్థర్ పాత్రలో ఆయన్ని చూస్తే భయం వేస్తుంది. కికింగ్ బర్డ్ తర్వాత ఏడాదే అది! ఈ రెంటినీ పక్కపక్కన పెట్టకుండా గ్రీన్ మీద వ్యాసం పూర్తి కాదు.

పాత్రల జాబితా సంవత్సరాల వరసలో పేర్చకు, చదివేవాడికి నిద్ర వస్తుంది. ఆదివాసీగానే రాసిన పాత్రలు ఒక కాగితం మీద: 'థండర్‌హార్ట్'లో, పాతికేళ్ల తర్వాత 'విండ్ రివర్'లో చేసిన రిజర్వు పోలీసులు, 'ది గ్రీన్ మైల్'లో మరణశిక్ష పడ్డ బిటర్‌బక్. ఈ చివరిది చిన్న పాత్ర. చనిపోయే ముందు, తన యవ్వనంలోని ఒక వేసవి గురించి మాట్లాడే ఘట్టం మీద నిలబడుతుంది. జాతితో పనిలేని పాత్రలు ఇంకో కాగితం మీద: మూడో 'డై హార్డ్'లో న్యూయార్క్ డిటెక్టివ్, టీవీ హాస్యంలో 'రెడ్ గ్రీన్ షో'లో పేలుడు పదార్థాల పిచ్చివాడు ఎడ్గర్ మాంట్రోజ్. నాటకాలకు మూడోది. 1989లో టొరాంటోలో టామ్సన్ హైవే అనే రచయిత నాటకం 'డ్రై లిప్స్', దానికి టొరాంటో నాటకరంగం ఇచ్చే డోరా అవార్డు. 2007లో స్ట్రాట్‌ఫర్డ్ నాటకోత్సవంలో షేక్‌స్పియర్ 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లోని వడ్డీవ్యాపారి షైలాక్. మూడు కాగితాలూ ముందు పెట్టుకుంటే, పరిశ్రమ ఆయన్ని ఎక్కడ ఇరికించిందో, ఆయన ఎక్కడ బయటికొచ్చాడో నీకే కనిపిస్తుంది. వ్యాసం అక్కడ మొదలవుతుంది.

పారితోషికం గురించి, పుస్తకం వేయడం గురించి అడిగావు. వాటికిది సమయం కాదు. ముందు 'క్లియర్‌కట్' చూసి, ఆర్థర్ మీద ఒక్క పేజీ రాసి పంపు. అందులో విశేషణం కనిపిస్తే ఎర్ర సిరాతో తిరిగొస్తుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు